ఆవిరయ్యే కొద్దీ ఉప్పునీటి కూర్పు ఎందుకు దారి మళ్ళుతుంది?

నీటిచుక్క (ప్రశ్న)

నమస్కారం. నీరు ఆవిరైనప్పుడు గాలిలోకి పోయేది నీరొక్కటే, కరిగి ఉన్న లవణాలు వెనకే ఉండిపోతాయి అని అందరం చదువుకున్నాం. ఆ లెక్కన పది లీటర్లను ఒక లీటరుకు తగ్గిస్తే ప్రతి అయాన్ గాఢతా పదింతలు కావాలి, వాటి మధ్య నిష్పత్తులు మాత్రం మారకూడదు. ఉప్పునీటి సరస్సుల విశ్లేషణలు చూస్తే అలా కనబడటం లేదు. కొన్నిటిలో సోడా (సోడియం కార్బొనేటు) పేరుకుని, కాల్షియం ఆనవాలు కూడా లేకుండా పోతోంది. కొన్నిటిలో సల్ఫేటు నిండి ఉంటోంది. మరికొన్నిటిలో కాల్షియం క్లోరైడు మిగులుతోంది.

విషయం తేల్చుకుందామని రెండు ద్రావణాలు చేసి, ఫ్యాను గాలికి నెమ్మదిగా ఆరనిచ్చాను. అంకెలన్నీ లీటరుకు మిల్లీతుల్యాంకాల్లో, అంటే మిల్లీమోళ్ళను అయాన్ ఆవేశంతో గుణించి, ఇస్తున్నాను. మొదటి నీటిలో కాల్షియం 2.0, సోడియం 2.0, బైకార్బొనేటు 2.4, క్లోరైడు 1.3, సల్ఫేటు 0.3 ఉన్నాయి. రెండో నీటిలో కాల్షియం, సోడియం, సల్ఫేటు అంతే ఉంచి, బైకార్బొనేటును 1.6కు తగ్గించి, క్లోరైడును 2.1కి పెంచాను. రుచి చూస్తే రెండింటికీ తేడా తెలియదు. ఒక్కొక్కటి పది లీటర్లు తీసుకుని సుమారు యాభై మిల్లీలీటర్లకు, అంటే గాఢతను రెండు వందల వంతులకు (రెట్లకు) తెచ్చాను. మొదటి పాత్రలో కాల్షియం దాదాపు మాయమై, పీహెచ్ 9 దాటింది. రెండో పాత్రలో క్షారత్వం (బైకార్బొనేటు, కార్బొనేటుల మొత్తం) అడుగంటింది, కాల్షియం మాత్రం నిలిచింది, అడుగున సన్నని సూదుల్లాంటి స్ఫటికాలు కట్టాయి.

ఒకే రకంగా మొదలైన నీళ్ళు ఇంత విడిపోవడానికి కారణం ఏమిటి? ఆవిరి కాకముందే, మొదటి విశ్లేషణ చూసి, ఏ నీరు ఎటు పోతుందో చెప్పగలమా?

ఇంకొకటి. సముద్రపు నీటి కూర్పుతో చేసిన వేరే ద్రావణాన్ని ఇలాగే ఆరబెడితే, ఉప్పు గింజలు కట్టిన తరవాత కొంత కాలానికి విద్యుద్వాహకత పెరగడం మానేసి తగ్గడం మొదలుపెట్టింది. చివర్లో ఆవిరి కావడం కూడా దాదాపు ఆగిపోయింది. ముసురు పట్టిన రెండు రోజుల్లో పాత్ర బరువు పెరిగింది కూడా. మీటరు చెడిపోయిందా, తూకం తప్పా, లేక ఇది నిజంగా జరిగేదేనా?

లవణశిల

మీ ప్రయోగం చాలా బాగుంది, ఎందుకంటే ఈ విషయంలో మొత్తం కీలకం రెండు నీళ్ళ బైకార్బొనేటులోని ఆ 0.8 తేడాలోనే ఉంది. అయాన్ల నిష్పత్తిని మార్చేది ఆవిరి కాదు, ఆవిరి వల్ల దిగే అవక్షేపం, అంటే ద్రావణంలోంచి ఘనంగా విడిపోయే ఖనిజం. నీరు తగ్గినంత కాలం అన్నీ కలిసే పెరుగుతాయి. ఏదో ఒక ఖనిజం సంతృప్తతకు చేరిన క్షణం నుంచి మాత్రం ఆ ఖనిజంలో పాలుపంచుకునే రెండు అయాన్లూ కలిసి పెరగలేవు.

సామాన్యమైన మంచినీటిలో మొదట ఆ స్థితికి చేరేది కాల్సైట్ (కాల్షియం కార్బొనేటు ఖనిజం). కాల్షియం, కార్బొనేటు అయాన్ల క్రియాశీలతల (ప్రభావవంతమైన గాఢతల) లబ్ధం ఒక స్థిరమైన విలువను దాటకూడదు కాబట్టి, ఒకటి పెరిగితే రెండోది తగ్గి తీరాలి. ఏది పెరుగుతుంది, ఏది తగ్గుతుంది అన్నది వాటి మిగులు మీద ఆధారపడుతుంది. అవక్షేపంలోకి రెండూ జతలు జతలుగానే వెళ్ళిపోతాయి, అంటే తుల్యాంకాల్లో సరిసమానంగా. కాల్షియం ఒక్కటి దిగిందంటే దానితో రెండు బైకార్బొనేట్లు ఖర్చవుతాయి. వాటిలో ఒకటి కార్బొనేటుగా రాయిలో చేరుతుంది, రెండోది కార్బన్ డయాక్సైడుగా గాలిలోకి పోతుంది. జమాఖర్చులో ఎవరి నిల్వ ముందు అయిపోతే వారి కథ అక్కడితో ముగుస్తుంది. మిగిలినవారిది ఆవిరితో పాటు పెరుగుతూనే పోతుంది.

మీ అంకెలే తీసుకుందాం. మొదటి నీటిలో కాల్షియం 2.0 అంతా దిగిపోవడానికి బైకార్బొనేటు 2.0 చాలు, కాబట్టి 0.4 క్షారత్వం మిగిలింది. ఆ మిగులు రెండు వందల వంతులకు చేరితే లీటరుకు సుమారు 80 అవుతుంది. దానికి తోడుగా నిలిచే ధనాయాన్ సోడియమే, కాబట్టి మీకు దక్కింది సోడా ద్రావణం. బైకార్బొనేటు గాఢత పెరిగే కొద్దీ అది కార్బన్ డయాక్సైడును వదులుతూ కార్బొనేటుగా మారుతుంది; పీహెచ్ 9 దాటింది అందుకే. రెండో నీటిలో బైకార్బొనేటు 1.6 మాత్రమే, అది 1.6 కాల్షియాన్ని తీసుకుని అయిపోయింది, 0.4 కాల్షియం మిగిలింది. ఒక పాత్రలో 0.4 క్షారత్వం, ఇంకో పాత్రలో 0.4 కాల్షియం: మొదటి నీళ్ళలో గుర్తు పట్టలేనంత చిన్న తేడాను అవక్షేపం ఇంత పెద్దది చేసి చూపించింది.

రెండో పాత్ర కథ అక్కడ ఆగలేదు. మిగిలిన 0.4 కాల్షియం, 0.3 సల్ఫేటు కలిసి గాఢమవుతూ పోతే, లెక్క ప్రకారం సుమారు వంద వంతుల దగ్గర జిప్సం (నీటితో కూడిన కాల్షియం సల్ఫేటు) సంతృప్తతకు చేరాలి. మీరు చూసిన సూదులు దాదాపు ఖాయంగా జిప్సమే. ఇక్కడా అదే జమాఖర్చు: కాల్షియం 0.4, సల్ఫేటు 0.3, కాబట్టి సల్ఫేటు ముందు అడుగంటుతుంది. ఇంకా ఆరనిస్తే మిగిలేది సోడియం 2.0, కాల్షియం 0.1, క్లోరైడు 2.1 నిష్పత్తిలో ఉన్న ద్రావణం. కాల్షియం క్లోరైడు సరస్సులు పుట్టే దారి ఇదే. సల్ఫేటు మిగులుగా ఉండి ఉంటే సోడియం, మెగ్నీషియం, సల్ఫేటు, క్లోరైడుల సరస్సు అయ్యేది.

ఈ మలుపులను రసాయన విభాజకాలు అనుకోవచ్చు. కొండ శిఖరం మీద పడిన చినుకు ఒక అడుగు ఇటు పడితే ఒక నదిలో, అటు పడితే ఇంకో నదిలో కలిసినట్టు, కాల్సైట్ దగ్గర ఒకసారి, జిప్సం దగ్గర ఇంకోసారి నీటి దారి తేలిపోతుంది. కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా ఊటనీటిని ఆవిరి చేస్తే ఏమవుతుందో రాబర్ట్ గారెల్స్, ఫ్రెడ్ మకెంజీ 1967లో లెక్కకట్టి చూపించారు. లారెన్స్ హార్డీ, హాన్స్ యూగ్‌స్టర్ 1970లో దానిని నీరు బయటికి పోని పల్లపు ప్రాంతాలన్నిటికీ విస్తరించారు. కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు: ముందే చెప్పవచ్చు. ముందు కాల్షియాన్ని క్షారత్వంతో, తరవాత మిగిలిన కాల్షియాన్ని సల్ఫేటుతో తుల్యాంకాల్లో పోల్చండి. పోల్చేటప్పుడు మిల్లీగ్రాముల పట్టిక పనికిరాదు, తుల్యాంకాల్లోకి మార్చకుండా చూస్తే తప్పు దారిలో పడతారు.

సముద్రపు నీరు ఈ లెక్కకు మంచి పరీక్ష. కిలోగ్రాముకు కాల్షియం సుమారు 20.6 మిల్లీతుల్యాంకాలు, క్షారత్వం 2.3, సల్ఫేటు 56. కాల్షియం క్షారత్వాన్ని మించింది కాబట్టి సోడా ఏర్పడదు. సల్ఫేటు కాల్షియాన్ని చాలా మించింది కాబట్టి కాల్షియం క్లోరైడు కూడా ఏర్పడదు. చివరికి మిగిలేది మెగ్నీషియం, సల్ఫేటు, క్లోరైడులతో నిండిన చేదునీరు. మధ్యధరా సముద్రపు నీటిని ఆవిరి చేసి, ఏ ఉప్పు ఎప్పుడు దిగుతుందో ఉసిగ్లియో 1849లో కొలిచాడు. ఆ తరవాతి కొలతలన్నీ కలిపి చూస్తే, నీరు సుమారు సగానికి తగ్గేసరికి కార్బొనేటు, మూడున్నర నాలుగు వంతుల గాఢతకు జిప్సం, పది పదకొండు వంతులకు హాలైట్ (సాదా ఉప్పు), అరవై వంతులు దాటాక పొటాషియం, మెగ్నీషియం లవణాలు వరసగా దిగుతాయి.

సరస్సులకు వస్తే, నీరు ఏ రాళ్ళ మీద నుంచి వచ్చిందన్నదే మొదటి కూర్పును నిర్ణయిస్తుంది. అగ్నిపర్వత శిలలను నేలలోని కార్బన్ డయాక్సైడు తినివేసిన నీటిలో బైకార్బొనేటుకు తోడుగా కాల్షియం కన్నా సోడియం ఎక్కువ ఉంటుంది. తూర్పు ఆఫ్రికా చీలికలోయలోని మగాడి, నాట్రన్ సరస్సుల సోడా, కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో 10కి దగ్గరగా ఉండే పీహెచ్, బసాల్టులో ఉల్క తవ్విన గుంటలోని లోనార్ నీటి క్షారత్వం ఈ దారిలోనివే. సల్ఫైడు ఖనిజాలు ఆక్సీకరణం చెందిన చోట, పాత జిప్సం పొరలు కరిగిన చోట సల్ఫేటు ముందే ఎక్కువగా వస్తుంది. మూడో దారికి, అంటే కాల్షియం మిగిలే దారికి, మృత సముద్రాన్ని ఉదాహరణగా చూడవచ్చు.

బాష్పరేఖ

లవణశిల గారి వివరణలో ప్రధానాంశంతో నాకు పేచీ లేదు. చివరి వాక్యంతో మాత్రం ఉంది, దానితో పాటు కొన్ని హెచ్చరికలూ ఉన్నాయి.

మృత సముద్రంలోని కాల్షియం ఎక్కువ భాగం ఇప్పుడు దానిలో కలుస్తున్న నదీజలాలు ఆవిరై పుట్టినది కాదు. ఒకప్పుడు ఆ లోయలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు నీరు ఆవిరై గాఢమై, అడుగున, పక్కన ఉన్న సున్నపురాళ్ళలోకి ఇంకింది. ఆ రాళ్ళను డోలమైట్‌గా (కాల్షియం మెగ్నీషియం కార్బొనేటుగా) మారుస్తూ తన మెగ్నీషియాన్ని కొంత ఇచ్చి, బదులుగా కాల్షియాన్ని తీసుకుంది. ఆ కాల్షియం సల్ఫేటును జిప్సంగా దించేసింది. విస్తృతంగా అంగీకరించిన వివరణ ఇదే. అంటే విభాజకం సూత్రం తప్పలేదు, కాల్షియం సల్ఫేటును మించిపోయింది నిజమే. కానీ ఆ మించడం మధ్య దారిలో రాయి నుంచి వచ్చింది. ప్రవేశజలం, అంటే సరస్సులోకి వచ్చి చేరే నీటి, విశ్లేషణ ఒక్కటే చూసి మృత సముద్రాన్ని ఊహించాలంటే ఎవరికీ సాధ్యం కాదు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, లెక్క సులువుగా కుదిరిన చోట కూడా కాస్త అనుమానం దగ్గర ఉంచుకోవడానికి.

రెండో హెచ్చరిక మెగ్నీషియం గురించి. నీటిచుక్క గారి ద్రావణాల్లో మెగ్నీషియం అసలు లేదు, అందుకే లెక్క అంత శుభ్రంగా వచ్చింది. నిజమైన సరస్సులో కాల్సైట్ దిగే కొద్దీ కాల్షియం తగ్గి, మెగ్నీషియం, కాల్షియంల నిష్పత్తి పెరుగుతుంది. ఆ నిష్పత్తి పెరిగితే కాల్సైట్ ఎదుగుదల మందగించి, దాని స్థానంలో మెగ్నీషియం కలిసిన కాల్సైట్, తరవాత ఆరగొనైట్ (కాల్షియం కార్బొనేటుకే ఇంకో స్ఫటిక రూపం) దిగుతాయి. మరింత క్షారంగా ఉన్న చోట సెపియొలైట్ లాంటి మెగ్నీషియం సిలికేట్లూ ఏర్పడతాయి. ఇవన్నీ క్షారత్వాన్ని తినేవే. కాబట్టి కాల్షియాన్ని మాత్రమే క్షారత్వంతో పోల్చి సోడా సరస్సు అవుతుందని చెప్పేముందు, మెగ్నీషియంలో ఎంత భాగం కార్బొనేటుతోనూ సిలికాతోనూ పోతుందో చూడాలి. కాల్షియం, క్షారత్వాల మధ్య తేడా స్వల్పంగా ఉన్న నీళ్ళలో ఈ ఒక్క విషయమే ఫలితాన్ని తలకిందులు చేస్తుంది.

మూడోది, ఎక్కువమంది మరిచిపోయేది. సరస్సు ఒకసారి ఆరి ఊరుకునే పాత్ర కాదు, తడుస్తూ ఆరుతూ ఉండే పాత్ర. ఎండలకు అంచుల్లో ఉప్పు పొర కడుతుంది, ఆ పొరలో కాల్సైట్, జిప్సం, హాలైట్ అన్నీ కలిసి ఉంటాయి. వాన పడితే ముందుగా, సులభంగా కరిగేది హాలైట్. కాల్సైట్, చాలామట్టుకు జిప్సం అక్కడే ఉండిపోతాయి. అలా ప్రతి వానా సోడియాన్నీ క్లోరైడునూ సరస్సు మధ్యకు మోసుకొచ్చి, కాల్షియాన్నీ కార్బొనేటునూ కొంత సల్ఫేటునూ ఒడ్డున వదిలేస్తుంది. దీనికి తోడు బురదలో ఆక్సిజన్ లేని చోట సూక్ష్మజీవులు సల్ఫేటును సల్ఫైడుగా మార్చి, ఆ క్రమంలో క్షారత్వాన్ని పెంచుతాయి. పొటాషియం బంకమన్ను మీద అతుక్కుంటుంది. సరస్సు నీటిలో సల్ఫేటు లెక్కకన్నా తక్కువగా, పొటాషియం ఇంకా తక్కువగా కనబడితే విశ్లేషణ తప్పని వెంటనే అనుకోనక్కరలేదు.

సిలికా సంగతి కూడా ఒక మాట. మంచినీటిలో తక్కువగా కరిగే సిలికా, పీహెచ్ 9 దాటాక అయాన్‌గా మారి విపరీతంగా కరుగుతుంది. మగాడి సరస్సు దగ్గర ఆ సిలికాతోనే సోడియం సిలికేటు ఖనిజం ఒకటి ఏర్పడుతుంది. యూగ్‌స్టర్ 1967లో దానిని వర్ణించి, సరస్సు పేరుతోనే మగాడైట్ అన్నాడు. సోడియాన్ని వదులుకుంటూ అది చివరికి చెకుముకిరాయి లాంటి చర్ట్‌గా మారుతుంది. ప్రశ్నకు కాస్త పక్కదారి, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

లవణశిల

మృత సముద్రం విషయంలో దిద్దుబాటును ఒప్పుకుంటున్నాను. నేను చెప్పదలచింది దాని నేటి కూర్పు ఏ దారికి చెందుతుందని మాత్రమే, కానీ వాక్యం పుట్టుకను సూచించేలా ఉంది. ప్రవేశజలమే ఆవిరై కాల్షియం క్లోరైడు మిగిలిందని చెప్పే ఉదాహరణ కావాలంటే కూడా భూగర్భం నుంచి ఊరే నీటిని లెక్కలోకి తీసుకోవలసిందే. అంటార్కిటికాలోని డాన్ హువాన్ చెరువు కాల్షియం క్లోరైడుతో ఎంత నిండి ఉంటుందంటే, అంత చలిలోనూ గడ్డకట్టడం అరుదు. ఆ కాల్షియం ఎక్కడిదన్న దాని మీద ఇప్పటికీ వాదోపవాదాలు ఉన్నాయి.

నీటిచుక్క

ఇద్దరికీ ధన్యవాదాలు. కాల్సైట్ దగ్గర, జిప్సం దగ్గర జరిగేది అర్థమైంది. నా పట్టికలో మిల్లీతుల్యాంకాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది, మిల్లీగ్రాముల్లో చూసి ఉంటే ఏమీ తెలిసేది కాదు.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, సరస్సు నీరు ఎన్ని వంతులు గాఢమైందో తెలుసుకోవడం ఎలా? నా పాత్రలో ఘనపరిమాణం కొలవగలను, సరస్సులో ఆ వీలు లేదు. క్లోరైడును ఆధారం చేసుకోవాలని ఒకచోట చదివాను. రెండు, విద్యుద్వాహకత, ఆవిరి ఆగిపోవడం గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

తుల్యభారం

క్లోరైడు ఆధారం హాలైట్ దిగేవరకే. అక్కడిదాకా క్లోరైడును తీసుకునే ఖనిజం ఉండదు కాబట్టి, ప్రవేశజలంలోని క్లోరైడుతో సరస్సు క్లోరైడును భాగిస్తే గాఢతా వంతు వస్తుంది. ఆ వంతుతో మిగతా ప్రతి అయాన్‌నూ గుణించి, కొలిచిన విలువతో పోల్చితే ఏది తగ్గిందో, ఎంత దిగిపోయిందో కనిపిస్తుంది. క్లోరైడుకు ఎదురుగా గ్రాఫు గీస్తే, సరళరేఖ మీద పడని బిందువే అవక్షేపం గుర్తు. హాలైట్ దిగడం మొదలైతే మాత్రం క్లోరైడు కూడా ద్రావణంలో పూర్తిగా నిలవదు, అప్పుడు బ్రోమైడును ఆశ్రయించాలి. బ్రోమైడు హాలైట్ స్ఫటికంలోకి చాలా కొద్దిగానే చొరబడుతుంది. సముద్రపు నీటి నుంచి మొదట దిగే హాలైట్‌లో అది సుమారు 65 నుంచి 75 పీపీఎం ఉంటుంది, ద్రావణం గాఢమయ్యే కొద్దీ తరవాతి స్ఫటికాల్లో పెరుగుతుంది. అందుకే పాత ఉప్పు పొరలను తవ్వి తీసినప్పుడు ఏ పొర ఏ దశలో దిగిందో చెప్పడానికి కూడా బ్రోమైడునే చూస్తారు. దీనితో పాటు సోడియం, క్లోరైడుల మోలార్ నిష్పత్తి కూడా గమనించండి. సముద్రపు నీటిలో అది 0.86. హాలైట్‌లో రెండూ సమానం కాబట్టి, దిగే కొద్దీ సోడియమే ముందు ఖాళీ అవుతుంది, నిష్పత్తి పడిపోతుంది. ఇది కూడా లవణశిల గారు చెప్పిన విభాజకమే, కాకపోతే చివర్లో వచ్చేది.

మీ మీటరు చెడిపోలేదు. పలచని ద్రావణంలో అయాన్లు పెరిగితే విద్యుత్తు మోసేవారు పెరిగినట్టే, కానీ గాఢతతో పాటు ద్రవం చిక్కబడి కదలిక తగ్గుతుంది, వ్యతిరేక ఆవేశాలు జతకట్టి నిలిచిపోవడం పెరుగుతుంది. ఒక దశ దాటాక ఈ రెండూ పెరిగిన సంఖ్యను మించిపోతాయి. సాదా ఉప్పు ద్రావణం దాదాపు సంతృప్తతకు వచ్చేదాకా ఓపిక పడుతుంది, మెగ్నీషియం క్లోరైడు ద్రావణం అంత దూరం రాకముందే శిఖరం దాటి దిగుతుంది. మీ పాత్రలో హాలైట్ దిగాక సోడియం తగ్గి మెగ్నీషియం పెరుగుతూ వచ్చింది కాబట్టి వాహకత పడింది. ఒకే వాహకత విలువ శిఖరానికి ఇటు ఒకసారి, అటు ఒకసారి వస్తుంది. గాఢ లవణజలాల్లో వాహకత చూసి లవణీయత చెప్పేవారు ఈ ఉచ్చులో పడటం నేను చాలాసార్లు చూశాను. అటువంటి నీటికి సాంద్రత కొలవండి, లేదా తూకం వేసి పలచబరచి విశ్లేషించండి. పీహెచ్ ఎలక్ట్రోడు కూడా మంచినీటి బఫర్లతో సరిచేస్తే గాఢ ద్రావణంలో నిజం చెప్పదు, చూపించిన అంకెను దశాంశాల దాకా నమ్మకండి.

ఆవిరి ఆగడానికి కారణం నీటి క్రియాశీలత. కరిగిన అయాన్లు నీటి అణువులను తమ చుట్టూ పట్టి ఉంచుతాయి కాబట్టి, ద్రావణం మీద బాష్పపీడనం తగ్గుతుంది. సముద్రపు నీటి మీది గాలి సంతృప్తం కావడానికి 98 శాతం సాపేక్ష ఆర్ద్రత కావాలి. హాలైట్ సంతృప్త ద్రావణానికి 75 శాతం చాలు. మెగ్నీషియం క్లోరైడు సంతృప్త ద్రావణానికి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 33 శాతం. చుట్టూ ఉన్న గాలిలో ఆర్ద్రత దీనికన్నా ఎక్కువగా ఉంటే నీరు పైకి పోదు, పైనున్న తేమ కిందికి వస్తుంది. ముసురు రోజుల్లో పాత్ర బరువు పెరిగిందంటే మీ తూకం సరైనదే. ప్రపంచంలో పొటాషియం, మెగ్నీషియం లవణాల మందపాటి పొరలు అరుదుగానూ, జిప్సం, హాలైట్ పొరలు విరివిగానూ ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. గాలి తగినంత పొడిగా లేకపోతే నీరు ఆ చివరి దశకు చేరనే చేరదు.

ఉష్ణోగ్రత పాత్ర కూడా విస్మరించకండి. సల్ఫేటు మిగిలిన సరస్సుల్లో మిరబిలైట్, అంటే పది నీటి అణువులున్న సోడియం సల్ఫేటు, వేసవిలో హాయిగా కరిగి ఉండి చలికాలంలో దిగిపోతుంది. నూరు గ్రాముల నీటిలో సున్నా డిగ్రీల దగ్గర సుమారు 5 గ్రాముల సోడియం సల్ఫేటు కరిగితే, 32 డిగ్రీల దగ్గర 50 గ్రాముల దాకా కరుగుతుంది. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్‌లోనూ, కాస్పియన్ సముద్రం పక్కనున్న కారాబొగాజ్‌గోల్‌లోనూ ఈ ఋతుచక్రం కనిపిస్తుంది. రెండోదాన్ని 1980లో ఆనకట్టతో కాస్పియన్ నుంచి వేరు చేస్తే 1984 నాటికే ఎండిపోయింది. 1992లో ఆ కట్ట తీసేశారు. అలా ఒకే సరస్సుకు సల్ఫేటు ఒక ఋతువులో ఎక్కువ, ఇంకో ఋతువులో తక్కువ ఉంటుంది. నీటి నమూనా ఏ నెలలో తీశారో రాయని పట్టిక నాకు సగం పట్టికే.

ఈ చివరి దశల మీదే లిథియం తీసేవారి వ్యాపారం నడుస్తోంది. చిలీలోని ఆటకామా ఎడారి మడుల్లో ముందు హాలైట్, తరవాత సిల్వైట్ (పొటాషియం క్లోరైడు), కార్నలైట్ (పొటాషియం, మెగ్నీషియంల క్లోరైడు), ఆపైన మెగ్నీషియం క్లోరైడు వరసగా దిగిపోతే, ఏ ఖనిజంలోనూ సులభంగా ఇమడని లిథియం చివరి ద్రవంలో పేరుకుంటుంది. 0.2 శాతం కూడా లేని లిథియం అలా 6 శాతం దాకా చేరుతుంది. అక్కడి నీటిలో మెగ్నీషియం లిథియానికి ఆరేడు రెట్లే ఉండటం కలిసొచ్చింది. బొలీవియాలోని ఉయునిలో అది సుమారు ఇరవై రెట్లు, సల్ఫేటూ ఎక్కువే. మెగ్నీషియాన్ని సున్నంతో విడిగా దించాలి, సల్ఫేటుతో కలిసి లిథియం కూడా ఘనరూపంలో కొంత పోతుంది. నీళ్ళు రెండూ ఒకే పీఠభూమి ప్రాంతానివే అయినా మడుల్లో పద్ధతి మారక తప్పదు.

బాష్పరేఖ

తుల్యభారం గారి మాటలకు ఒక చిన్న చేర్పు. ఇదంతా లెక్కకట్టాలనుకునేవారు అయాన్ల క్రియాశీలతను లెక్కకట్టే, మామూలు పాఠ్యపుస్తకంలోని డెబై హ్యూకెల్ సమీకరణాన్ని గాఢ లవణజలానికి వాడకూడదు. అది పలచని ద్రావణాల కోసం. ఉదాహరణకు జిప్సం ద్రావణీయత మంచినీటిలో లీటరుకు సుమారు 2.5 గ్రాములు, సోడియం క్లోరైడు కలిపితే కొంతవరకు పెరిగి దాదాపు మూడింతలవుతుంది, ఆపైన ఉప్పు ఎక్కువైతే మళ్ళీ తగ్గుతుంది. ఈ పైకీ కిందికీ పోవడాన్ని పట్టగలిగేవి కెనెత్ పిట్జర్ 1973లో ఇచ్చిన సమీకరణాలు. హార్వీ, మొల్లర్, వేర్ 1984లో వాటిని సహజ జలాల్లోని ప్రధాన అయాన్లన్నిటికీ కూర్చారు. పీహెచ్‌ఆర్‌ఈఈక్యూసీ (PHREEQC) అనే, నీటి రసాయనాన్ని లెక్కకట్టే ఉచిత ప్రోగ్రామ్‌లో పిట్జర్ దత్తాంశం విడిగా ఉంది, దానినే ఎంచుకోండి. నీటిచుక్క గారి రెండు ద్రావణాలకు మామూలు దత్తాంశమే సరిపోతుంది, సముద్రపు నీటి పాత్రకు సరిపోదు.

నీటిచుక్క

పిట్జర్ దత్తాంశంతో చేసి చూశాను. హాలైట్ దిగే వంతు నా పాత్రలో చూసినదానికి దగ్గరగానే వచ్చింది. జిప్సం మాత్రం లెక్క చెప్పినదానికన్నా కొంత ఆలస్యంగా కనిపించింది. పాత్ర శుభ్రంగా, గాజు నునుపుగా ఉండటం వల్ల స్ఫటికం మొలకెత్తడానికి అతిసంతృప్తత అవసరమైందనుకుంటున్నాను.

లవణశిల

అదే కారణం అయ్యుంటుంది. చిటికెడు జిప్సం పొడిని బీజంగా వేసి మళ్ళీ చేయండి, ఆలస్యం పోతుంది. ఈసారి మొదటి రెండు ద్రావణాల్లో లీటరుకు 0.6 మిల్లీతుల్యాంకాల మెగ్నీషియం కూడా కలపండి, దానికి సమానంగా సోడియాన్ని తగ్గించండి. మొదటి పాత్రలోని 0.4 క్షారత్వంలో ఎంత మిగులుతుందో చూస్తే, బాష్పరేఖ గారి రెండో హెచ్చరిక బరువెంతో తెలుస్తుంది.